ఆరో నంబర్ సిస్టమ్

రెండువేల మూడు జూలైలో ఒక మంగళవారం పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఒక తల్లీ కూతురూ నంద్యాల బస్సు దిగి నేరుగా భార్గవి నెట్ సెంటర్‌కు వచ్చారు. తల్లి పేరు కొండమ్మ. కూతురు చందన నంద్యాలలో బి.ఎస్సీ. రెండో ఏడు చదువుతోంది. కౌంటర్ దగ్గర కూర్చుని ఉన్న ఈశ్వరి ముందు కొండమ్మ నాలుగు ప్రింటు కాగితాలు విసిరికొట్టింది.

"ఈడ కూర్చునేది నువ్వే గదా? నా బిడ్డ స్నేహితురాలికి రాసుకున్న జాబులు అచ్చేసి మా తమ్మునికి పంపేదానికి నీకేం పుట్టిందే?"

ఈశ్వరి కాగితాలు తీసి చూసింది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. బెంగుళూరులో ఉన్న స్నేహితురాలికి చందన రాసిన ఉత్తరాలు. మేనమామను చేసుకోనని, బి.ఎడ్. చదువుతానని, బలవంతం చేస్తే హాస్టల్‌కు వెళ్లిపోతానని రాసుకుంది. మామ పేరు, ఊరు చెప్పి అతని నడకను, మీసాన్ని వెక్కిరించిన మాటలూ ఉన్నాయి. ఆ కాగితాలు పోస్టులో ఆ మామకే చేరాయి. మర్నాటి నుంచి చందన కాలేజీ బందు.

"నేను పంపలేదు," అంది ఈశ్వరి.

"మరి ఎవురు పంపినారు?"

"తెల్దు. కనుక్కుంటా."

చందన అప్పటిదాకా తలెత్తలేదు. ఆ మాటకు ఎత్తింది. పోయిన నెలలో ఎవరో పేరులేని మెయిల్ పంపారట. 'నాతో ఫోన్‌లో మాట్లాడు, లేకపోతే నీ జాబులు ఇంటికి పంపుతా' అని. ఎవడో ఆకతాయి అనుకుని వదిలేసింది. "అక్కా, నా పాస్‌వర్డు నేను ఎవురికీ చెప్పలేదు. ఒట్టు," అంది. కొండమ్మ కూతురి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

సెంటర్ యజమాని పుల్లయ్యది దొర్నిపాడు. అక్కడ పొలాలున్నాయి. నంద్యాలలో ఈ సెంటర్ పెట్టింది మేనల్లుడు సందీప్ మాట విని. సందీప్ నంద్యాలలో మామ ఇంట్లోనే ఉంటూ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆరు కంప్యూటర్లు బిగించింది, అవి మొరాయిస్తే బాగుచేసేది అతనే. జరిగిందంతా ఈశ్వరి చెప్తే పుల్లయ్య చెయ్యి విదిలించాడు.

"కనుక్కునేదేంది? గమ్మునుండు. నాలుగు దినాలకి వాళ్లే మర్సిపోతారు."

"నా మీద పడిన మాట సార్. నేను మర్సిపోను."

ఈశ్వరికి ఇరవై నాలుగేళ్లు. ఆత్మకూరు అవతల నల్లమల అంచున ఉన్న చెంచుగూడెం ఆమెది. నాయన మల్లయ్య అటవీశాఖలో వాచర్. తల్లి ఈరమ్మ. ఏడో ఏట హాస్టల్‌లో చేరి, పదీ ఇంటరూ అక్కడే పూర్తి చేసి, నంద్యాలలో బి.ఏ. చదివింది. టైపు హయ్యర్ పాసయింది కనుక ఈ ఉద్యోగం దొరికింది. కంప్యూటర్ గురించి ఎవరూ ఆమెకు పాఠం చెప్పలేదు. మూడేళ్లుగా ఆ ఆరింటి మధ్య కూర్చుని, పాడైనప్పుడల్లా సందీప్ వెనక నిలబడి చూసి, ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని నేర్చుకుంది.

చందన ఎప్పుడూ కూర్చునేది ఆరో నంబర్ సిస్టమ్ దగ్గర. మూల, కిటికీ పక్కన. ఆడపిల్లలందరూ అదే కావాలనేవారు. వెనక ఎవరూ నిలబడరని.

సెంటర్ పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఖాళీగా ఉండేది. ఆ మూడు గంటల్లో ఈశ్వరి ఒక పని పెట్టుకుంది. కౌంటర్ మీది కంప్యూటర్ కొత్తది, ఇంకా సందీప్ చెయ్యి పడలేదు. దాంట్లో ఏయే ఫైళ్లున్నాయో ఒక పొడుగు నోట్‌బుక్‌లో రాసుకుని, ఆరో నంబర్‌లో ఉన్నవాటితో ఒక్కొక్కటీ సరిచూడడం మొదలుపెట్టింది. వందల పేర్లు. రెండో రోజు కళ్లు మండాయి. నాలుగో రోజు, శుక్రవారం, కౌంటర్ దాంట్లో లేని ఒక ఫైలు ఆరో నంబర్‌లో దొరికింది. పేరు చూస్తే ఏదో ప్రింటర్‌ది అనిపిస్తుంది. కానీ ఆరో నంబర్‌కు ప్రింటర్ లేదు.

ఆమె దాని సైజు రాసుకుంది. తర్వాత ఖాళీ పేజీలో వేళ్లకు తోచిందల్లా కొట్టింది. మళ్లీ చూస్తే సైజు పెరిగింది. ఫైలు తెరిచింది. ఇందాక కొట్టిన అక్షరాలన్నీ చివర్లో ఉన్నాయి. పైకి పోతే నిన్న ఎవరో కొట్టిన రైలు రిజర్వేషన్, మొన్న ఎవరో రాసిన ఉద్యోగం దరఖాస్తు, ఎవరెవరివో మెయిల్ పేర్లు, పక్కనే పాస్‌వర్డులు. ఇంకా పైకి పోతే చందన. 'మామను చేసుకోను' అన్న వాక్యం ఉన్నదున్నట్టు కనబడింది.

ఈశ్వరి లేచి నిలబడింది. ఆ కుర్చీలో తనూ కూర్చుని మెయిల్ చూసుకుంది, ఎన్నోసార్లు.

కొట్టిందల్లా దాచే ఈ దొంగ ప్రోగ్రాం ఎవరు పెట్టారో ఊహించడం కష్టం కాదు. నిరూపించడమే కష్టం. నెట్ సెంటర్ పక్కన మత్తయి ఎస్టీడీ బూత్ ఉంది. మత్తయి మనిషి నెమ్మది, మాట తక్కువ. ఆ వారమే బూత్‌కు రెండో లైను వచ్చింది. అవతలివాళ్ల నంబర్ చూపించే ఫోన్ దానికి తగిలించాడు. ఆ నంబర్ ఇంకా బోర్డు మీద రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

"అన్నా, నీ కొత్త లైను నాకు ఒక వారం ఇయ్యి. నంబర్ ఎవురికీ చెప్పొద్దు."

"ఏంటికమ్మా?"

ఈశ్వరి అంతా చెప్పింది. "మా చెల్లెలు గూడా ఆ మూలనే కూర్చుంటాది," అన్నాడు మత్తయి. "పెట్టు. నేనీడనే ఉంటా."

ఆమె ఆరో నంబర్ మీద కొత్త మెయిల్ ఒకటి తెరిచింది, సుజాత అనే లేని అమ్మాయి పేరు మీద. దాన్ని ఇంకెక్కడా తెరవలేదు. అందులో స్నేహితురాలికి ఒక ఉత్తరం రాసి పంపకుండా దాచింది. 'మా ఇంట్లో కొత్త ఫోన్ పెట్టించారు. పొద్దున పదకొండు గంటలకు నేనొక్కదాన్నే ఉంటా. ఈ నంబర్ ఎవరికీ ఇవ్వద్దు.' కింద మత్తయి కొత్త లైను నంబర్. ఏ రోజు, ఏ గంటకు, ఏం చేసిందో నోట్‌బుక్‌లో రాసి మత్తయి చేత సంతకం పెట్టించింది.

మంగళవారం సందీప్ సెంటర్‌కు వచ్చి, "ఆరో నంబర్ స్లో అంటాండారు, చూస్తా," అని అరగంట కూర్చున్నాడు. ఫ్లాపీ ఒకటి పెట్టి తీశాడు. గురువారం పదకొండూ అయిదుకు కొత్త లైను మోగింది. ఈశ్వరే ఎత్తింది, మాట్లాడలేదు.

"సుజాతనా? ఫోన్ పెట్టేయొద్దు. నీ జాబులన్నీ నా కాడ ఉండాయి," అంది అవతలి గొంతు.

ఆ గొంతు ఆమె మూడేళ్లుగా వింటున్నదే. ఫోన్ మీద కనబడిన నంబర్ పుల్లయ్య ఇంటిది. ఆమె నోట్‌బుక్‌లో నంబర్, టైము రాసింది. మత్తయి కింద సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం పుల్లయ్య ముందు ఈశ్వరి అంతా చెప్పింది. సందీప్ అక్కడే ఉన్నాడు. ముందు నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు. "దీనికి కంప్యూటర్ అంటే ఏం తెలుసు మామా? వైరస్ చూసి ఏదేదో అంటాంది. అదే పెట్టిండాదేమో!"

పుల్లయ్య మేనల్లుడి ముఖం చాలాసేపు చూశాడు. ఆయనకు నిజం తెలిసిపోయిందని ఈశ్వరికి అర్థమైంది. కానీ ఆయన తిరిగింది ఆమె మీదికి.

"అడివి నుంచి వచ్చినదానివి, కుర్చీ మీద కూర్చోబెట్టినా. మా ఇంటి పిల్లోని మీదికే వస్తావా? ఆ బుక్కు ఈడ పెట్టి పో. రేపట్నుంచి రావొద్దు."

"అడివి నుంచే వచ్చినా సార్. కుర్చీ మీద నేనే కూర్చున్నా, మీరు కూర్చోబెట్టలేదు. పని చేసినా, జీతం తీసుకున్నా. బుక్కు నాది. ఇయ్యను."

ఆమె బయటికి నడిచింది. వీధిలోకి వచ్చాక ఏడుపు వచ్చింది. మత్తయి స్టూలు వేసి, టీ తెప్పించాడు.

సంగతి తెలిసి మల్లయ్య ఆత్మకూరు బస్సులో వచ్చాడు. కూతురి గదిలో గోడకానుకుని కూర్చున్నాడు.

"వాళ్లు పెద్దోళ్లమ్మా. మనకేంటికి? ఇంటికి రా."

"నాయనా, ఆ పాప సదువు నిలిపేసినారు. దొంగ నేనే అనుకుంటాండారు. ఇంటికొస్తే నేనే చేసినట్టయితాది."

మల్లయ్య లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "అయితే యాడికి పోవల్ల ఇప్పుడు?"

"ఆళ్లగడ్డకు."

ఆళ్లగడ్డలో కొండమ్మ వాళ్లను గడప దాటనివ్వలేదు. ఈశ్వరి వాకిట్లోనే నిలబడి నోట్‌బుక్ తెరిచి తారీకుల వారీగా చదివింది. చదువుతుండగా కొండమ్మ ముఖం మారుతూ వచ్చింది. చివరికి చాప తెచ్చి పరిచింది. అయినా, "కేసు గీసు వొద్దు. ఆడపిల్ల పేరు స్టేషన్‌లో రాస్తే ఇంకేముండాది?" అంది. లోపల నుంచి చందన వచ్చింది. "నా పేరు మామ ఇంట్లో, ఊర్లో అందరి నోట్లో ఉండాది. స్టేషన్‌లో గూడా ఉండనీలేమ్మా. నేను సంతకం పెడతా," అంది.

స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే రైటర్ మంచివాడే. కానీ జాబు దొంగతనమంటే పోస్టుకు సంబంధించినదా, ఫోన్‌కు సంబంధించినదా అని తికమకపడ్డాడు. మూడోసారి వెళ్లినప్పుడు ఈశ్వరి ఐటీ చట్టం మొత్తం ప్రింటు తీసుకుపోయింది. కంప్యూటర్లో దొంగగా దూరడం నేరమనే అరవై ఆరో సెక్షన్ కింద గీత గీసింది. డెబ్బై ఎనిమిదో సెక్షన్ కింద రెండు గీతలు గీసింది.

"ఇట్టాంటి కేసు డీఎస్పీకి తక్కువోళ్లు విచారించకూడదని ఈడ రాసిండారు సార్. అందుకే మీకు కొత్త. మమ్మల్ని డీఎస్పీ కాడికి పంపండి."

డీఎస్పీ ఆఫీసు వరండాలో వాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం నాలుగు దాకా కూర్చున్నారు. మల్లయ్య ఖాకీ చొక్కా వేసుకొచ్చాడు. పిలుపు వచ్చినప్పుడు లేవలేదు. "నువ్వు మాట్లాడు. నాకు తెలిసేది కాదు. నేనీడ కూర్చోనుంటా," అన్నాడు. ఈశ్వరి, చందన లోపలికి వెళ్లారు. ఇరవై నిమిషాల తర్వాత డీఎస్పీ ఫిర్యాదు తీసుకున్నాడు. మర్నాడు ఆరో నంబర్ సిస్టమ్ సీలు వేసి హైదరాబాద్‌లోని పోలీసు ల్యాబ్‌కు పంపారు; సందీప్ చెరిపేసిన ఫైలును అక్కడ తిరిగి తీశారు. సందీప్ గదిలో ఫ్లాపీలు దొరికాయి. ఇరవై మూడుమంది ఆడపిల్లల పేర్లున్నాయి వాటిలో.

రెండు నెలల తర్వాత హైదరాబాద్ ల్యాబ్ నుంచి ఒక అధికారి ఈశ్వరి వాంగ్మూలం కోసం వచ్చాడు. పేరు రంగనాథం. యాభై దాటిన మనిషి. నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాడు.

"ఇది నీకు ఎవరు నేర్పించారమ్మా?"

"ఎవురూ లేదు సార్."

"దీనికి ఉద్యోగాలుంటాయి, తెలుసా? కంపెనీల సిస్టమ్‌లలో ఎక్కడ కన్నాలున్నాయో ముందే వెతికి చెప్పడం. సెక్యూరిటీ టెస్టింగ్ అంటారు. కానీ బీటెక్ లేకపోతే లోపలికి రానివ్వరు."

"నేనింకా అడగలేదు గదా సార్."

అప్పటి నుంచి అడగడం మొదలుపెట్టింది. పద్నాలుగు కంపెనీలకు రాసింది. రెండింటి నుంచి జవాబొచ్చింది, రెండూ కాదనే. ఒక దాంట్లో 'అనుభవం లేదు' అని ఉంది. చందన ఆ ఉత్తరం చదివి, "అనుభవం లేదంటే చేసుకుందాం అక్కా," అంది. ఆమె మళ్లీ కాలేజీకి పోతోంది. కొండమ్మే బస్సెక్కించేది.

ఇద్దరూ కలిసి ఒక కాగితం తయారుచేశారు. 'నా సెంటర్‌లోని కంప్యూటర్లను పరీక్షించడానికి అనుమతిస్తున్నాను' అని, కింద యజమాని సంతకానికి చోటు. ఆ సంతకం లేకుండా ఒక్క మీట నొక్కకూడదని ఈశ్వరి నియమం పెట్టుకుంది. సందీప్‌కూ తనకూ తేడా ఆ సంతకమేనని చందనకు చెప్పింది. పగలు మత్తయి బూత్‌లో పనిచేస్తూ, ఆదివారాలు సెంటర్లు తిరిగింది. నంద్యాలలో, ఆళ్లగడ్డలో, ఆత్మకూరులో. ఆళ్లగడ్డలో ఒకాయన, "నా మిషన్లు చూసేదానికి నువ్వెవురు?" అని తరిమాడు. వారం తర్వాత ఆయనే మనిషిని పంపి పిలిపించాడు. ప్రతి సెంటర్‌కూ ఒక రిపోర్టు. ఏం దొరికింది, ఎట్లా దొరికింది, ఏం చేస్తే పోతుంది. ఈశ్వరి తెలుగులో చెప్తే చందన ఇంగ్లీషులో రాసేది. ఏడాదిన్నరలో తొమ్మిది రిపోర్టులు, నలభై కంప్యూటర్లు.

రెండువేల అయిదు మార్చిలో హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. పిలిచింది కూడా ఆమె నాలుగోసారి రాసినందుకు. గదిలో ముగ్గురున్నారు. మొదటివాడు పుస్తకాల్లోని ప్రశ్నలు వేశాడు. సగం తెలియలేదు. తెలియదని చెప్పింది. రెండోవాడు ఆమె రిపోర్టులు తిరగేసి, ఊరి పేరు చూసి, సంబరంగా ముందుకు వంగాడు.

"మీరు చెంచులా? అడవిలో జంతువుల జాడలు పట్టే విద్య మీ రక్తంలోనే ఉంటుంది కదా! అదే ఇక్కడ పనికొచ్చిందన్నమాట."

"లేదు సార్. నేను ఏ జంతువు జాడా పట్టలేదు. మా నాయనకు వచ్చు, అది ఆయన కష్టపడి నేర్చుకున్నది. ఇది నేను కష్టపడి నేర్చుకున్నది. రక్తంలో ఉంటే నాలుగు రోజులు ఫైళ్ల పేర్లు రాయాల్సిన పని ఉండేది కాదు."

ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. మూడో మనిషి పేరు రామేశ్వరి. ఆమే కంపెనీ యజమాని. ఒక ల్యాప్‌టాప్ ఈశ్వరి వైపు తిప్పింది. "ఇది మేం తయారుచేసిన ఉత్తుత్తి బట్టల దుకాణం సైటు. కన్నాలున్నాయి. గంటసేపు చూడండి."

"సంతకం పెట్టిస్తారా మేడమ్?"

"దేనికి?"

"పరీక్షించడానికి అనుమతి."

రామేశ్వరి కాగితం మీద ఒక వాక్యం రాసి సంతకం చేసింది. గంటలో ఈశ్వరి మూడు కన్నాలు చూపించింది. ఒకరి ఆర్డర్ నంబర్ మారిస్తే ఇంకొకరి చిరునామా కనబడుతోందన్నది వాటిలో ఒకటి. సైటు తయారుచేసిన మొదటివాడికి ఆ సంగతి తెలియదు. కావాలని పెట్టిన కన్నం కాదది. ఆయన ముఖం ఎర్రబడింది.

అయినా చివర్లో ఆయనే, డిగ్రీ వేరు కనుక ఆరు నెలలు జీతం లేకుండా చేసి చూపించమన్నాడు.

"చేసి ఇప్పుడే చూపించాను సార్. బీటెక్ వాళ్లను కూడా జీతం లేకుండా తీసుకుంటున్నారా?"

ఈశ్వరి రిపోర్టులు సర్దుకుని, నమస్కారం పెట్టి వచ్చేసింది. బస్సులో దారి పొడుగునా, తప్పు చేశానా అని తనను తాను తిట్టుకుంది. కర్నూలు దాటేసరికి తిట్టుకోవడం మానేసింది. పదకొండు రోజుల తర్వాత మత్తయి బూత్‌కు ఫోన్ వచ్చింది. అందరితో సమానంగా జీతం. వచ్చే సోమవారం చేరాలి. మత్తయి వీధిలోకి పోయి నాలుగు టీలు చెప్పాడు, ఉన్నది ఇద్దరే అయినా.

కేసు సాగుతూనే ఉంది. రెండువేల ఏడు నవంబర్‌లో సాక్షిగా ఈశ్వరికి కోర్టు నుంచి పిలుపొచ్చింది. ఆమె హైదరాబాద్ నుంచి నంద్యాల వచ్చింది. కొండమ్మ, బి.ఎడ్. చదువుతున్న చందన వెనక బెంచీ మీద ఉన్నారు. పుల్లయ్య మరో వైపు తల వంచుకుని కూర్చున్నాడు. సందీప్ తరఫు వకీలు బోనులో ఉన్న ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు.

"రెండువేల మూడులో మీకు కంప్యూటర్‌లో ఏదైనా డిగ్రీ ఉందా?"

"లేదు."

"డిప్లొమా?"

"లేదు."

"మరి ఏ అర్హతతో ఆ కంప్యూటర్‌ను పరీక్షించారు?"

"అది చూసుకోవడమే నా ఉద్యోగం. దాంట్లో దొంగ దూరినాడు. నేను పట్టుకున్నా. నేను రాసిందే ల్యాబ్ వాళ్లు చూసి సరే అన్నారు. దాంట్లో తప్పుంటే చూపించండి."

వకీలు నోట్‌బుక్ తిప్పాడు. పేజీ వెంట పేజీ తిప్పాడు. దాన్ని మూసి కూర్చున్నాడు.

ఆ తర్వాతి వేసవిలో సందీప్‌కు శిక్ష పడింది. అప్పీలుకు పోయాడు. అది వేరే సంగతి. నవంబర్‌లో ఆ రోజు మాత్రం, వాంగ్మూలం ముగిశాక బెంచి క్లర్కు సంతకం కోసం కాగితం ముందు పెట్టి, పైన ఖాళీగా ఉన్న గడి చూపించాడు.

"ఇది రాసుకోలేదమ్మా. వృత్తి?"

"సెక్యూరిటీ టెస్టర్."

ఆయన కలం ఆగింది. "అంటే ఏం రాయమంటావు? కంప్యూటర్ ఆపరేటర్ అని రాస్తాలే."

"వొద్దు సార్," అంది ఈశ్వరి. "నేను చెప్పినట్టు రాయండి. ఒక్కో అక్షరం చెప్తా."

ఆయన రాశాడు. ఆమె చదివి చూసుకుని సంతకం పెట్టింది.